తొలి కిక్కు ముహూర్తం

జూబ్లీ హిల్స్‌లో ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువగా ఉన్న కాలంలో నేను సినిమావాళ్ళ దగ్గర ఉద్యోగానికి కుదిరాను. మద్రాసు నుంచి కంపెనీలు ఒక్కొక్కటిగా సామాను సర్దుకుని వస్తున్నాయి. ఫిల్మ్ నగర్ దారులకు అప్పటికింకా పేర్లు కూడా స్థిరపడలేదు. "పెద్ద బండ దగ్గర ఎడమకు తిరుగు, కుక్క మొరిగే ఇల్లు దాటాక ఆగు" అని దారి చెప్పుకునేవాళ్ళం. ఆ కాలాన్ని తలుచుకునేవాళ్ళు తారలను, విందులను, వందరోజుల పండుగలను తలుచుకుంటారు. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది భయం. ఏ పని చెడినా దానికి ఒక అపశకునాన్ని, ఆ అపశకునానికి ఒక మనిషిని వెతికే చోట చిన్న ఉద్యోగం చేయడమంటే, పక్కింటివాళ్ళ నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకుని మెట్లు దిగడం లాంటిది. ప్రతి అడుగూ చూసుకుని వేయాలి. (నాకు కుర్రతనం నుంచీ డైరీ రాసే అలవాటుంది. నేను చెప్పబోయే రోజు పేజీలో "ముహూర్తం. బండి. హారతి." అని మూడు మాటలే ఉన్నాయి. అంతకుమించి రాసే ఓపిక ఆ రోజు లేదు, రాయకపోయినా మరిచిపోయే రోజూ కాదు.)

మా కంపెనీ యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. కృష్ణా జిల్లా మనిషి. వయసులో ఉండగా సినిమా రీళ్ళ పెట్టెలను మోటారు సైకిలు వెనక తాళ్ళతో కట్టుకుని, ఒక ఊరి హాల్లో ఆట అవగానే ఇంకో ఊరి హాలుకు చేరవేసేవారట. అక్కడినుంచి పంపిణీ, పంపిణీ నుంచి నిర్మాణం, నిర్మాణం నుంచి జూబ్లీ హిల్స్‌లో తెల్లరాయి మేడ. ఆ మోటారు సైకిలును మాత్రం అమ్మలేదు. మేడ వెనక షెడ్డులో, కార్ల వెనక, దుప్పటి కప్పి ఉంచారు. కొడుకును హీరోగా పెట్టి సినిమా తీయాలని నిశ్చయించుకున్న రోజున ఆ దుప్పటి తీయించారు. ముహూర్తం షాట్ ఏమిటో అక్కడే, ఆ దుమ్ములో నిలబడే తేల్చేశారు. చిన్నబాబు (కొడుకును మేమందరం అలా పిలిచేవాళ్ళం) తండ్రి బండి ఎక్కుతాడు, కిక్కు కొడతాడు, బండి మోగుతుంది, ఫిల్మ్ నగర్ మలుపు దాకా దూసుకుపోతాడు.

"ఒక్క కిక్కు," అన్నారు పెద్దాయన, వేలు పైకెత్తి. "రెండోది కొట్టాల్సొచ్చిందంటే ఈ పిక్చర్ మొదలెట్టను. అంతే."

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. అంతకుముందు ఒక ముహూర్తంలో కొట్టిన కొబ్బరికాయ కుళ్ళినదని తేలితే, అప్పటికి పాటలు కూడా కట్టించిన కథను మూలన పడేశారు. ఆ కొబ్బరికాయను ఎంచి తెచ్చిన ప్రొడక్షన్ అసిస్టెంటును అదే రోజు బస్సెక్కించారు. నేను ఉద్యోగంలో చేరింది అతని ఖాళీలోనే.

ఇక ఈ బండి వ్యవహారంలోకి నన్ను దింపినవాడు మా ప్రొడక్షన్ మేనేజరు. ఆయన్ను వయసుతో పనిలేకుండా అందరూ బాబాయ్ అనేవారు. ఒకరోజు ఆఫీసు ముందు ఆయన స్కూటరు మొరాయిస్తే, నేను కార్బురేటర్ విప్పి, పెట్రోలు వచ్చే సన్నని బెజ్జంలో ఇరుక్కున్న నలుసు తీసి, మళ్ళీ బిగించి ఇచ్చాను. మా పెదనాన్నకు బెజవాడలో మెకానిక్ షెడ్డు ఉండేది. వేసవి సెలవులన్నీ అక్కడ నూనె మరకలతో గడిపినవాణ్ణి కాబట్టి ఆ మాత్రం చేతనైంది. పైగా నాకు సొంతంగా ఒక ముసలి రెండు స్ట్రోకుల బండి ఉండేది. ఆదివారం వచ్చిందంటే శ్రీనగర్ కాలనీలో మా గది ముందు పాత పేపరు పరిచి, దాని కార్బురేటర్ ముక్కలన్నీ వరుసగా పేర్చి, తుడిచి, మళ్ళీ బిగించేవాణ్ణి. (చెడిందని కాదు. మిగతావాళ్ళు ఆదివారం గుడికి వెళ్ళినట్టు.) ఇది తెలిసినప్పటినుంచి బాబాయ్ నన్ను డాక్టర్ అని పిలవడం మొదలుపెట్టాడు. అది మెచ్చుకోలు అనుకుని సంతోషించాను. నా చావుకే వచ్చింది.

"ఏవయ్యా డాక్టరూ, నీకు కార్బురేటర్లు బాగా వచ్చుగా?"

"ఏదో కొద్దిగా బాబాయ్."

"కొద్దిగా అంటే కుదరదు. మనకాడ పెద్ద నిపుణుడున్నాడని పెద్దాయనకి చెప్పేశాను."

"బాబాయ్, అది చాలా పాత ఇంజను. దాని మూడ్ ఎప్పుడెలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు."

"నీ ఉద్యోగం దాని మూడ్ మీద ఉందన్నమాట. అయితే దాన్ని బాగా చూసుకో నాయనా."

పెద్దాయన బండి కూడా రెండు స్ట్రోకులదే; ఆ బండ్ల సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. దాని పెట్రోల్లోనే నూనె కలుపుతారు; అందుకే అది వెళ్ళిన చోటల్లా పొగ, వాసన వదిలి వెళుతుంది. ఆ పెట్రోలూ గాలీ కలిసే డబ్బానే కార్బురేటర్. గాలి ఎక్కువైతే బండి దగ్గుతుంది, పెట్రోలు ఎక్కువైతే మూలుగుతుంది. రెండూ సరిపోయేట్టు దాని మరలు కొద్దికొద్దిగా తిప్పుతూ, చెవి ఒగ్గి వింటూ కూర్చోవడమే ట్యూనింగు. అది చాలా ప్రశాంతమైన పని, తప్పితే ఉద్యోగం పోతుందన్న భయం లేనప్పుడు.

నేను తెలివైన దారే ముందు వెతికాను. బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని బోరబండ వెళ్ళాను. అక్కడ పాత బండ్లు బాగుచేసే ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు. పని కంటే ఆయన మాట పెద్దది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీద చెయ్యేసి నిట్టూర్చాడు.

"ఏడ దొరికింది సార్ గీ బండి? మా నాయిన జమానాది! గిట్లాంటి ఇనుము ఇప్పుడేడిది? ఇడిసిపోండ్రి, పెండ్లికూతుర్ని చేసి ఇస్త."

"సినిమా ముహూర్తానికి, ఉస్తాద్. తొలి కిక్కుకే స్టార్ట్ అవ్వాలి. కాకపోతే సినిమా ఆగిపోతుంది."

ఉస్తాద్ చెయ్యి సీటు మీదినుంచి తీసేశాడు. చేతిలోని పానాను కూడా కింద పెట్టాడు.

"ముహూర్తానికా? నేను ముట్ట సార్. బరాత్‌ల బండి ఆగితే పెండ్లికొడుకు నాలుగు తిట్లు తిట్టి ఊకుంటడు. సినిమా బండి ఆగితే నా దుకాణానికి నజర్ తగుల్తది. బోరబండ మొత్తం చెప్పుకుంటది. మీరే చేసుకోండ్రి. సామాన్లు కావాల్నంటే ఇస్త."

"గాలి ఫిల్టర్ పుచ్చిపోయింది. కొత్తది ఉందా?"

"దీనికి ఫిల్టర్ ఇప్పుడెవడు చేస్తున్నడు? తీసి పారెయ్యుండ్రి. నోరు తెరుసుకొని గాలి గుంజుతది. మస్తు ఉరుకుతది."

"చలిలో స్టార్ట్ చేసేటప్పుడు గాలి తగ్గించడానికి చోక్ ఉండాలి కదా? అదెక్కడ?"

"ఉండె. ఎవడో పీకిండు. ఫికర్ చెయ్యకుండ్రి సార్, డబ్బా నెత్తి మీద బొడిపె ఉన్నది చూడుండ్రి, దాన్ని నొక్కితే పెట్రోల్ పొంగుతది. పొంగించి కొట్టుండ్రి. ఖుదా మీద భారం ఏసి కొట్టుండ్రి."

అలా బోరబండ నుంచి ఒక కొత్త ప్లగ్గు, దేవుడి మీద భారం తీసుకుని తిరిగి వచ్చాను. పెద్దాయన షెడ్డులో కూర్చుని ఆ కార్బురేటర్‌ను విప్పాను. అందులో ఎండిపోయిన పెట్రోలు బెల్లం పాకంలా పేరుకుని ఉంది. ప్రతి ముక్కనూ కడిగి, ఆరబెట్టి, తెల్లగుడ్డ మీద విప్పిన వరుసలోనే పేర్చి, అదే వరుసలో తిరిగి బిగించాను. ఫిల్టర్ తీసేశాక దాని నోరు గిన్నెలా తెరుచుకుని, ఒక పక్కగా బయటికి కనిపిస్తూ ఉండేది. మరలు తిప్పడం, కిక్కు కొట్టడం, ప్లగ్గు తీసి రంగు చూడడం. ప్లగ్గు నల్లబడితే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లబారితే గాలి ఎక్కువైనట్టు, కాఫీపొడి రంగుకు వస్తే సరిపోయినట్టు. ఒక మధ్యాహ్నం ప్లగ్గు కాఫీపొడి రంగుకు వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టినా తొలి కిక్కుకే బండి మోగింది. పైన బాల్కనీలో పెద్దాయన కళ్ళు మూసుకుని ఆ చప్పుడు మొత్తం విని, లోపలికి వెళ్ళిపోయారు. నాకంతకంటే పెద్ద మెచ్చుకోలు అక్కర్లేదు. ఆ సాయంత్రం మొదటిసారి కడుపునిండా తిందామని కూర్చున్నాను. అప్పుడొచ్చాడు బాబాయ్.

"డాక్టరూ, ఇంక బండి ముట్టుకోకు. రేపు ముహూర్తానికి ముందు దాన్ని స్టార్ట్ చెయ్యకూడదంట. పెద్దాయన మాట. ఆ రోజు తొలి చప్పుడు ముహూర్తంలోనే రావాలంట."

"బాబాయ్! పొద్దున్నే చలిలో ఇంజను గడ్డకట్టి ఉంటుంది. కాస్త ముందుగా వేడి చెయ్యకపోతే..."

"కొబ్బరికాయని ముందే కొట్టి చూస్తామా ఏంటి, కుళ్ళిందో లేదో?"

ఆ పోలిక విన్నాక కంచం పక్కకు జరిపేశాను. నేను ఆ మరలన్నీ బిగించింది మధ్యాహ్నపు ఎండలో, వేడెక్కిన ఇంజనుకు. ఆ కొలతతో అది చలిలో తొలి కిక్కుకు పలికే ప్రశ్నే లేదు. చోక్ లేదు. ముందుగా వేడి చేయకూడదు. ఇక మిగిలింది ఉస్తాద్ చెప్పిన బొడిపె ఒక్కటే. కిక్కుకు సరిగ్గా ముందు దాన్ని నొక్కి పెట్రోలు పొంగించగలిగితే ఆశ ఉంది. లేకపోతే బస్సు ఉంది.

తెల్లవారింది. డిసెంబరు పొగమంచు బండరాళ్ళ మధ్య నుంచి ఇంకా లేవలేదు. షామియానా, కుర్చీలు, కార్లు, శాలువాలు, దగ్గులు. ఇడ్లీల ఆవిరి మాత్రమే వెచ్చగా ఉంది. బండి ఇంజను మీద చెయ్యి పెడితే నూతి అడుగు రాయిలా చల్లగా తగిలింది. చిన్నబాబు పట్టు చొక్కా వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, బండివైపు చూడకుండా ఒక మూల కూర్చుని ఉన్నాడు. హీరోల గాంభీర్యం అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. పంతులుగారు అప్పటికే కర్పూరం వెలిగించి పళ్ళెం పట్టుకుని బండి చుట్టూ తిరుగుతున్నారు. నేను బండి పక్కన చతికిలబడి, బొడిపె మీద వేలు పెట్టి, ఆయన వెళ్ళిపోతే నొక్కుదామని కాచుకుని కూర్చున్నాను. ఆయన వెళ్ళలేదు. హారతి పళ్ళెం ముందు దీపం దగ్గర తిరిగింది, ట్యాంకు దగ్గర తిరిగింది, చివరికి సరిగ్గా నా వేలి దగ్గరికి వచ్చింది.

"పంతులుగారూ, హారతి కొంచెం ఎడంగా ఇవ్వండి. పెట్రోలు బండి."

"పెట్రోలు బండి కాక ఎడ్లబండికి ఇస్తామా నాయనా ఈ రోజుల్లో? లారీలకిచ్చాను, జెనరేటర్లకిచ్చాను. ఒక్కటీ అంటుకోలేదు."

"అది కాదండీ. నేనిక్కడ ఒకటి నొక్కాలి. నొక్కితే పెట్రోలు కారుతుంది."

"అయితే నొక్కకు."

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నొక్కలేదు. పంతులుగారు పక్కకు జరిగేసరికి చిన్నబాబు తల్లి (ఆవిడను మేమందరం అమ్మగారు అనేవాళ్ళం) పూలపళ్ళెంతో వచ్చారు. కొడుకు చెయ్యి పడే ప్రతి చోటా, కాలు పడే ప్రతి చోటా బొట్టు పెట్టి, పువ్వు పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, అప్పుడుగాని ఇంకో చోటికి కదలరు. నేను వంగి మధ్యలో చెయ్యి పెట్టబోతే బాబాయ్ నా కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు.

"అమ్మగారు పూజ చేసుకుంటుంటే మధ్యలో నీ బుర్ర ఏంటయ్యా?"

"బాబాయ్, ఒక్కసారి నొక్కి వచ్చేస్తా!"

"నీ పీక నొక్కుతా. జరుగు."

అంతలో పంతులుగారు ఘడియ దాటిపోతోందని కేకేశారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు (మంచిదే, తెల్లగా మల్లెపువ్వులా విచ్చుకుంది), చిన్నబాబు బండెక్కాడు, కెమెరా తిరిగింది, క్లాప్ పడింది. అప్పుడు, ఫ్రేము బయట నిలబడి, నేను చూడకూడనిది చూశాను. కార్బురేటర్ తెరిచిన నోట్లో, పూలసజ్జలో అమర్చినట్టు చక్కగా ఒక పెద్ద పసుపుపచ్చ చేమంతి ఉంది. అమ్మగారికి పువ్వు పెట్టడానికి బండి మొత్తం మీద అంత వీలైన చోటు ఇంకొకటి దొరికి ఉండదు. పెట్రోలు పొంగించలేదు సరే, ఇప్పుడు గాలి కూడా ఆడదు. అరవబోయాను. బాబాయ్ అరచెయ్యి నా నోటి మీద పడింది. చిన్నబాబు కాలు పైకి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. మూసిన కళ్ళకు బస్సు కనిపించింది, కిటికీ పక్క సీటుతో సహా.

కాలు దిగింది. బండి మోగింది.

బుడ బుడ బుడమంటూ, తెల్లటి పొగ కక్కుతూ, ఆ ముసలి ఇంజను తొలి కిక్కుకే లేచి కూర్చుంది. చప్పట్లు, ఈలలు. చిన్నబాబు బిగుసుకుపోయిన మొహంతో (దర్శకుడు "ఆ సీరియస్‌నెస్ చూడండి!" అన్నాడు) పొగలోంచి దూసుకుపోయి మలుపు తిరిగాడు. అందరూ పెద్దాయన చుట్టూ మూగారు. నాకు మాత్రం చప్పట్ల వెనక నుంచి ఆ బుడబుడ సన్నబడడం, తడబడడం, ఆగిపోవడం వినిపించింది. తొలి ప్రయాణంలోనే బండి ఆగింది. అది పెద్దాయన చెవిన పడితే తొలి కిక్కు పుణ్యం కాస్తా గాలికి పోతుంది.

"ఎక్కడికయ్యా?" అన్నాడు బాబాయ్.

"ఇంజను వేడి చూసొస్తా!" అని పరుగెత్తాను.

మలుపు అవతల బండి ఒక రాతికి ఆనుకుని నిలబడి ఉంది. చిన్నబాబు నేలమీద, ఆ పట్టు చొక్కాతోనే కూలబడి ఉన్నాడు.

"క్షమించండి బాబూ," అన్నాను రొప్పుతూ. "బండి ఆగిపోయింది, నేను సరిగ్గా..."

"ఆగబట్టి బతికానన్నా! బ్రేకు ఏ కాలి దగ్గరుందో నాకు గుర్తు రాలేదు."

"మీకు బండి నడపడం రాదా?"

"కారు వచ్చు. నా బండి నా కొడుకు నడుపుతాడని నాన్నగారు అంతమంది ముందు అనేశాక, రాదని ఎట్లా చెప్పను? ఎక్కడం, కిక్కు కొట్టడం, గేరు వెయ్యడం మా డ్రైవరు దగ్గర దొంగచాటుగా నేర్చుకున్నా. ఆపడం దాకా రాలేదు. అప్పట్నుంచీ ఒకటే మొక్కు. ఆ బండి స్టార్ట్ అవ్వకూడదు దేవుడా అని."

"నేనేమో స్టార్ట్ అవ్వాలని మొక్కుతున్నా బాబూ."

అతను నావైపు తలెత్తి చూశాడు. "అయితే నీదే గట్టి మొక్కన్నమాట. చంపేశావు కదన్నా నన్ను."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నేను బండి దగ్గర వంగి, కార్బురేటర్ నోట్లోంచి చేమంతిని లాగాను. సగం రేకులు లోపలికి పోయి, మిగిలింది పెట్రోల్లో, నూనెలో నాని ముద్దలా ఉంది. అప్పుడు అర్థమైంది. చల్లటి ఇంజనుకు గాలి తగ్గించాలి. చోక్ చేసే పని అదే. ఎవడో పీకేసిన చోక్ పనిని అమ్మగారి చేమంతి చేసింది. ఇంజను కాస్త వేడెక్కగానే అదే పువ్వు ఊపిరాడకుండా చేసి దాన్ని ఆపేసింది. నా మరలు, నా చెవి, నా కాఫీపొడి రంగు ఏదీ దీంట్లో లేదు. పూజలో పువ్వును రోడ్డున పారేయడానికి చేతులు రాక చొక్కా జేబులో వేసుకున్నాను. మలుపు వెనక నుంచి బాబాయ్ "బాబూ! చిన్నబాబూ!" అని పిలవడం వినిపించింది.

"నువ్వు నడుపన్నా," అన్నాడు చిన్నబాబు గబగబా లేచి దులుపుకుంటూ. "నేను వెనక నిలబడి చేతులు చాపుతా. నడపడం రాదుగానీ, నిలబడి చేతులు చాపడం మద్రాసు యాక్టింగు స్కూల్లో బాగా నేర్పారు."

ఇంజను వేడిగా ఉంది, నోరు ఖాళీగా ఉంది. నేను మధ్యాహ్నం బిగించిన కొలతకు సరిగ్గా సరిపోయింది. ఒక్క కిక్కుకే గంటలా మోగింది. ముందు నేను భయంతో వంగి, వెనక అతను ఆకాశం వైపు చేతులు చాచి నిలబడి, అలా ముహూర్తం పందిరి ముందుకొచ్చి ఆగాం. దర్శకుడు ఎగిరి గంతేసి, దీన్ని పాటలో పెట్టుకుందామన్నాడు. పెద్దాయన నా వీపు తట్టారు. ఆ తట్టుతో ఎన్నాళ్ళ భయమో ఒక్కసారిగా దిగిపోయింది. అక్కడితో ఈ కథ అయిపోతే ఎంత బాగుండేది.

"అబ్బాయ్, ఇందులో పువ్వు పెట్టాను, ఏది?" అన్నారు అమ్మగారు, కార్బురేటర్ వైపు చూపిస్తూ.

అబద్ధం ఆడే శక్తి లేదు. జేబులోంచి తీసి ఇచ్చాను. ఆవిడ ఆ నలిగిన ముద్దను రెండు చేతులా తీసుకుని, కళ్ళకద్దుకుని, వద్దని నేను అనేలోపు జడలో తురుముకున్నారు. అదే సమయానికి పంతులుగారు మంగళహారతి పళ్ళెం తీసుకుని వచ్చారు. కర్పూరం నిండుగా మండుతోంది. ముందు అమ్మగారి దగ్గరికే వచ్చారు. ఆవిడ హారతి కళ్ళకద్దుకోవడానికి తల వంచారు. జడ ముందుకు జారింది. పెట్రోలు పువ్వు మంటవైపు దిగుతోంది.

(ఆ కాసేపట్లో పువ్వులోని పెట్రోలు చాలావరకు ఆరిపోయి ఉంటుందని, జిడ్డు మాత్రమే మిగిలి ఉంటుందని ఇప్పుడు తీరిగ్గా చెప్పగలను. అప్పుడు నాకు కనిపించింది జడ అంటుకున్న అమ్మగారు.)

నేను ముందుకు దూకి ఉఫ్ అని ఊదేశాను. హారతి ఆరిపోయింది.

సన్నటి పొగ ఒకటి పైకి లేచింది. పంతులుగారు "శివశివా" అని పళ్ళేన్ని గుండెకు ఆనించుకున్నారు. బాబాయ్ కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నాడు. కుళ్ళిన కొబ్బరికాయ తెచ్చినవాడు పాపం దాన్ని తెలిసి తేలేదు. నేను ముహూర్తపు హారతిని, అందరూ చూస్తుండగా, నోటితో ఆర్పాను.

"ఏం చేశావ్?" అన్నారు పెద్దాయన. గొంతు పెంచలేదు. అదే ఇంకా భయం.

నేను ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. పీకేసిన చోక్, ఎండలో బిగించిన మరలు, నొక్కని బొడిపె, నోట్లో చేమంతి, పువ్వు నిండా పెట్రోలు. మలుపు అవతల బండి ఆగిన సంగతి, బ్రేకు సంగతి మాత్రం చెప్పలేదు. చిన్నబాబు నేలవైపే చూస్తూ నిలబడ్డాడు. పెద్దాయన చెయ్యి చాపారు. అమ్మగారు జడలోంచి పువ్వు తీసి ఆ చేతిలో పెట్టారు. ఆయన దాన్ని వాసన చూశారు. ఇంకోసారి చూశారు. ఆ రెండోసారి చూసింది నన్ను తప్పుపట్టడానికి కాదని నాకనిపించింది. రీళ్ళ పెట్టెలు మోసిన చేతులకు ఆ వాసనతో ఏళ్ళ పరిచయం ఉండి ఉంటుంది. అయినా మొహం సడలలేదు. ఆరిన హారతి ఆరిన హారతే. ఆయన పిక్చర్ ఆపేస్తానని నోరు తెరవబోతున్నారని అక్కడున్న అందరికీ తెలుసు. అప్పుడు అమ్మగారు మాట్లాడారు.

"ఉండండి. ఇదిగో అబ్బాయ్, సరిగ్గా చెప్పు. బండి లేచింది నీ మరల వల్లనా, నా పువ్వు వల్లనా?"

"మీ పువ్వు వల్లేనమ్మగారూ. నా మరలకైతే లేచేది కాదు."

ఆవిడ భర్తవైపు తిరిగారు. "విన్నారా? ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి తెచ్చిన పువ్వు. నా బిడ్డను తొలి కిక్కుకే నడిపించింది. పిక్చర్ ఆపుతారా? ఆపితే నా పువ్వు అబద్ధమన్నట్టే."

పెద్దాయన చేతిలోని పువ్వును, భార్యను, పంతులుగారిని మార్చి మార్చి చూశారు. నేను ఆయన్ను అంత ఇరుకున పడగా మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

"పంతులూ," అన్నారు చివరికి, "ఇంకో బిళ్ళ వెలిగించు." తర్వాత నావైపు తిరిగి, "నువ్వు జెనరేటర్ వ్యాను వెనక్కి పో. హారతి అయ్యేదాకా ఇటు రాకు."

అలా ఉద్యోగం నిలిచింది. బాబాయ్ టీ గ్లాసు పట్టుకుని వ్యాను వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుని, "కొబ్బరికాయవాడు పోయాడు, హారతి ఆర్పినవాడు మిగిలాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ఫీల్డులో ఉన్నా, నాకేం అర్థం కాదయ్యా," అన్నాడు. సినిమా ఒక మాదిరిగా ఆడింది. షూటింగు మధ్యలో చాలా ఉదయాలు, ఎవరూ లేవకముందు, బండల మధ్య ఖాళీ రోడ్ల మీద నేను చిన్నబాబుకు బండి ఆపడం నేర్పాను. వెనక కూర్చుని నేను, ముందు కూర్చుని అతను, ఇద్దరం ఒకే గొంతుతో కేకలు పెట్టేవాళ్ళం. తర్వాత ఆ బండి మళ్ళీ దుప్పటి కిందికి వెళ్ళిపోయింది. ఆ కంపెనీలో నేనున్నన్నాళ్ళు ఎన్ని ముహూర్తాలు జరిగినా, కర్పూరం వెలిగే సమయానికి బాబాయ్ కళ్ళతోనే సైగ చేసేవాడు. నేను బుద్ధిగా లేచి జెనరేటర్ వ్యాను వెనక్కి వెళ్ళేవాణ్ణి. అక్కడినుంచి గంట చప్పుడు మాత్రం వినిపించేది.

పెళ్ళైన కొత్తల్లో ఈ సంగతి మా ఆవిడకు చెప్పడం నేను చేసిన పొరపాటు. ఇప్పటికీ సాయంత్రం దేవుడి దగ్గర హారతి ఇచ్చి నా ముందుకు తెచ్చేటప్పుడు పళ్ళేన్ని కాస్త వెనక్కి పట్టి, మంటకు అరచెయ్యి అడ్డం పెట్టి, "ఊదకండి" అంటుంది. మనవలు పకపకా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ పొగమంచులో, హారతి ఊదేసిన ఆ బక్కపలచని కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వకుండా ఎలా ఉంటాను? కానీ, నిజం చెప్పాలంటే, ఇప్పటికీ ఊపిరి బిగబట్టే కళ్ళకద్దుకుంటాను.